చలవపెట్టెలో ఊపిరి

మార్కాపురం నుంచి పొదిలి పొయ్యే బాటలో, ఊరు దాటినాక, రెండు పక్కలా పలకరాళ్ళ చెత్త గుట్టలు గుట్టలుగా పోసిన చోట ఒక మలుపుంది. దాని పేరు రొప్పుల మలుపు. ఈ పేరు ఏ సర్కారు కాయితంలోనూ కనపడదు. పొద్దు గూకినాక ఆ దారిన పోయినోళ్ళు పెట్టిన పేరు.

ఆకు కూడా అల్లాడని వేళ... మనిషి అలికిడి లేని చోట... ఎవరో రొప్పుతారంట. పరుగెత్తి వచ్చినోని రొప్పు కాదు. పరుగెత్తలేనోని రొప్పు. పీల్చుకుంటాడు — అందదు. మళ్ళీ పీల్చుకుంటాడు — మళ్ళీ అందదు.

బేస్తవారిపేట నుంచి పొదిలి సంతకు గొర్రెలు తోలుకుపొయ్యే మొండి మనుషులు కూడా, ఆ మలుపు దాటేదాకా ఒకరితో ఒకరు మాట్లాడరు. ఎందుకని అడిగితే, 'మాట్లాడితే అది వింటది, వింటే జవాబు చెప్తది' అంటారు.

ఈ దెయ్యాన్ని పట్టుకున్న మొనగాడు ఒకడున్నాడు. ఊరికే పట్టుకోవడం కాదు — పట్టుకొని, చేతుల్తో చంపినాడు. ఆ పుణ్యాత్ముని పేరు వలి బాషా. విన్నది విన్నట్టు చెప్తా, తప్పొప్పులు మీరే తేల్చుకోండి.

అప్పుడు తెల్లోళ్ళ దొరతనం. మన తాలూకాలన్నీ కర్నూలు జిల్లాలో ఉన్న రోజులు. మార్కాపురంలో బస్సులు ఆగే చోట వలి బాషాకు ఒక రేకుల షెడ్డు ఉండేది. బస్సు గానీ, నూనె ఇంజను గానీ, ఏది మొరాయించినా ఆయన కాడికే. ఇనప కడ్డీ ఒక కొన ఇంజనుకు ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకొని కండ్లు మూసుకునేవాడు. కాసేపటికి, "ఆఁ... దొరికినావు గదా!" అనేవాడు. మనుషులతో కాదు, ఇంజనుతో.

"చప్పుడుకు ఒక ఇల్లుంటది. తలుపు తడితే బయటికొస్తది" — ఇది ఆయన ఊతమాట.

పనిమంతుడే, కాదనేది లేదు. ఆ నోరే! చేసిన పని చేతిలో ఆరకముందే నోరు ఊరంతా ఒక చుట్టు చుట్టొచ్చేది. "ఊర్లో మిషన్లన్నిటికీ నట్లు బిగిస్తావు, నీ నోటికి ఒకటి బిగించుకోరాదా?" అని భార్య మాబూబీ దెప్పేది. దెయ్యాలంటే ఆయనకు పరాచికం. గ్రీజు లేక అరిచే ప్రతిదాన్నీ జనం దెయ్యమంటారని నవ్వేవాడు.

ఇంక కారు సంగతి. ఆ చుట్టుపక్కల మోటారు కారున్నది పలకల గని ఆసామి ఓబులేసుకే. ఆయన మద్రాసు పోయినప్పుడు ఎవరో దొర కారు కిటికీకి ఒక రేకు పెట్టె తగిలించి ఉండేది చూసినాడంట. వెంటనే అట్లాంటిదే చేయించుకొని తెచ్చుకున్నాడు. పెట్టెకు ముందు పక్క మూతి, లోపల వట్టివేళ్ళ తడిక. తడికను నీళ్ళతో తడిపి కారు నడిపితే, గాలి మూతిలో దూరి, తడి వేళ్ళలోంచి కమ్మటి వాసనతో చల్లగా లోపలికొస్తది. రోహిణి కార్తెలో బయట రోళ్ళు పగులుతుంటే, ఆసామి లోపల చలవలో కాలు మీద కాలేసుకొని పొయ్యేవాడు. జనం దానికి చలవపెట్టె అని పేరు పెట్టుకున్నారు.

ఆ చలవపెట్టె ఒక సాయంత్రం రొప్పింది.

ఆసామి రోజూ ఎండ వాలినాక ఊర్లోంచి బయల్దేరి గనికి పొయ్యేవాడు. పని చూసుకొని, దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చేవాడు. పొయ్యేటప్పుడు ఏమీ లేదు. వచ్చేటప్పుడే — ఆ మలుపు కాడ, రాళ్ళ గుట్టల మధ్య కారు పల్లంలోకి జారేటప్పుడే — పెట్టెలోంచి సన్నగా మొదలైంది. హూఁ... అని లేచింది. హూఁ... అని పడింది. గొంతు ఆరిపోయిన మనిషి, ఆసామి చెవి పక్కనే కూర్చొని, ఊపిరి కోసం కొట్టుకుంటున్నట్టు...

మరుసటి సాయంత్రమూ అంతే. ఆ మరుసటి సాయంత్రమూ అంతే.

అది ఎవరి రొప్పో ఆసామికి తెలుసు. డ్రైవరు అంకన్నకూ తెలుసు. ఏలీయాది.

ఏలీయా ఆ గనిలో రాయి చీల్చే మనిషి. పల్లెలో, ఏసు గుడిలో ఆదివారం పాట అందుకునేటోడు. ఉలి పెట్టినాడంటే రాయి ఉల్లిపొర మాదిరి విచ్చుకునేదంట. అట్ల విచ్చుకున్నప్పుడల్లా తెల్లటి దుమ్ము లేస్తది గదా. ఆ దుమ్ము లోపలికి పోతది, బయటికి రాదు. గనిలో పని చేసినోళ్ళకు నలభై రాకముందే ఊపిరి అయిపోతది. 'రాయి తడిపి చీలిస్తే దుమ్ము లేవదు, ఒక నీళ్ళబండి పెట్టించు ఆసామీ' అని వాళ్ళు ఏండ్ల తరబడి కాళ్ళావేళ్ళా పడినారు. "తాగేదానికే నీళ్ళు లేని సీమలో రాళ్ళకు తానాలు పోయమంటారా?" అని ఆసామి నవ్వేవాడు.

ఏలీయా ఒక సాయంత్రం గని నుంచి ఇంటికి నడుస్తా నడుస్తా ఆ మలుపు కాడ కూలబడినాడు. "నీళ్ళు... నీళ్ళు..." అన్నాడంట. కబురంది, భార్య సంతోషమ్మ ముంత తీసుకొని ఉరుక్కుంటా వచ్చేలోపల పోయినాడు. నోట్లో చుక్క పడలేదు.

పెట్టె రొప్పడం మొదలైనాక ఆసామికి అన్నం సయించలేదు. ఆయన ముసలి తల్లి ఒకే మాట చెప్పింది. "దప్పికతో పోయినోడు రా వాడు. నీళ్ళడుగుతాండాడు. ఏ రాయి కొట్టి పోయినాడో ఆ రాయి తడుపు. లేకుంటే నిన్నూ తీసుకొని పోతాడు."

అంతే! వారం తిరక్కముందే ఎడ్లు వచ్చినాయి, బండి వచ్చింది, పెద్ద పీపా వచ్చింది. పొద్దు పొడిచింది మొదలు గనిలో రాళ్ళ మీద నీళ్ళు పడినాయి. దుమ్ము అణిగింది. కూలోళ్ళు దగ్గు మరిచిపోయి, తలకాయలెత్తి ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. పెట్టెలో రొప్పు కూడా కొంచెం తగ్గింది — అప్పుడొకసారి, ఇప్పుడొకసారి. ఆసామి నీళ్ళు తగ్గించబోయినాడంటే మాత్రం మళ్ళీ పైకి లేచేది.

కొన్ని నెలలు ఇట్ల గడిచినాయి. ఆసామికి విసుగు పుట్టింది. పైగా పలకలు కొనే కంపెనీ దొర మద్రాసు నుంచి వస్తున్నాడు, ఇదే కారులో తిరగాల. దొర పక్కన దెయ్యాన్ని కూర్చోబెట్టుకుంటే బేరం ఏమైపోతది? వలి బాషాకు కబురు పోయింది.

"సాయిబూ, మిషను జబ్బయితే బాగు చెయ్యి. దెయ్యమయితే ఒక మాట చెప్పు, నా తిప్పలు నేను పడతా" అన్నాడు ఆసామి.

"దెయ్యమా? ఒక పూట టైమియ్యి ఆసామీ. చెవి పట్టుకొని నీ అరుగు మీద కూర్చోబెడతా" అన్నాడు వలి బాషా.

పగలంతా కారు చుట్టూ తిరిగినాడు. ముందు బానెట్టు ఎత్తి ఇంజను ఫ్యాను చూసినాడు. బెల్టు వదులైందేమోనని నొక్కి చూసినాడు. కడ్డీ పెట్టి అన్నిచోట్లా విన్నాడు. తర్వాత చలవపెట్టె మీద పడినాడు — మరలన్నీ బిగించినాడు, రేకు అంచుల్లో గుడ్డపీలికలు కూరినాడు, మూత తీసి లోపల తడిమినాడు. తడిక ఎండకు పోయింది, లోపలేమీ లేదు. మూతికి నోరు పెట్టి ఊదినాడు. ఉలుకు లేదు, పలుకు లేదు.

ఆసామి ఇంట్లో వట్టివేళ్ళ తడికలు తడిపే పని సంతోషమ్మదే. మొగుడు పోయినాక పొట్టకూటికి ఆ పనిలో చేరింది. తలుపులకు కట్టిన తడికలూ, కారు పెట్టెలో తడికా — అన్నీ ఆమే పొద్దున తీసి ఎండబెడతది, సాయంత్రం తడిపి పెడతది. కడవ చంకలో పెట్టుకొని, వలి బాషాను చూస్తా నిలబడింది.

"ఏం చెల్లీ, నీకూ వినపడిందా ఆ దెయ్యం?" అన్నాడు వలి బాషా నవ్వుతా.

"మేము ప్రభువును నమ్ముకున్నోళ్ళం అన్నా. మాలో పోయినోళ్ళు దెయ్యాలు కారు. నిద్రపోతారు" అనింది ఆమె. నవ్వలేదు.

చప్పుడు పగలు రాదని వలి బాషాకు అర్థమైంది. సాయంత్రం కారు తీయమన్నాడు. ఆసామి రానన్నాడు, తల నొప్పి అన్నాడు. అంకన్న స్టీరింగు ముందు, వలి బాషా వెనక, చలవపెట్టె పక్కన. ఇద్దరే.

పొయ్యేటప్పుడు ఏమీ లేదు. గని కాడ కారు తిప్పినారు. పడమర ఇంకా ఎర్రగా ఉంది. కింద బాట నల్లబడింది. అంకన్న అప్పటికే ఏదో గొణుక్కుంటున్నాడు.

"మామా... వచ్చేది ఆ మలుపే..."

"నువ్వు బాట చూడు. నేను చప్పుడు చూస్తా."

కారు గుట్టల మధ్యకు వచ్చింది. పల్లం. అంకన్న బ్రేకు వదిలేసినాడు. బండి వేగం అందుకుంది. ఎదురుగా పడమటి గాలి...

హూఁ...

వలి బాషా మెడ మీద వెంట్రుకలు లేచినాయి. అబద్ధమెందుకు, లేచినాయి. 

హూఁ... హూఁ... లేస్తాంది. పడుతాంది. అచ్చం మనిషే. పక్కనే...

"మామా! దూకేద్దాం మామా!"

వలి బాషా కిటికీ వైపు జరిగినాడు. భయపడినా చెయ్యి మాత్రం పని మరిచిపోలేదు. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, పెట్టె మూతికి అరచెయ్యి అడ్డం పెట్టినాడు.

రొప్పు ఆగిపోయింది.

చెయ్యి తీసినాడు — హూఁ... పెట్టినాడు — లేదు.

"ఆఁ... దొరికినావు గదా!" అని అరిచినాడు. "ఆపు రా బండి!"

దీపం వెలుతురులో పెట్టె మూత ఊడదీసినాడు. తడి వేళ్ళను పాయలు పాయలుగా విడదీసినాడు. అడుగున, మూతికి ఎదురుగా, దారానికి వేలాడతా ఒక పలక పొర. నాలుగు వేళ్ళ పొడవు. తాటాకంత పలచన. ఒక కొనకు రెండు సన్న బొక్కలు, వాటిలోంచి దారం. గాలి తగిలితే అది గిరగిరా ఒక పక్కకు మెలి పడుతది, మెలి నిండినాక రెండో పక్కకు విప్పుకుంటది. మెలి పడేటప్పుడు పీల్చినట్టు, విప్పుకునేటప్పుడు వదిలినట్టు. ఎక్కేటప్పుడు కారు మెల్లగా పాకుతది, ఆ గాలి చాలదు. దిగేటప్పుడు పడమటి గాలీ, కారు వేగమూ కలిస్తేనే అది మోగుతది.

పల్లెలో పిల్లోళ్ళ ఆట అది. పలక పొరకు దారం కట్టి, తల చుట్టూ గిర్రున తిప్పుతారు. గుయ్యిమని అరుస్తది. అంకన్నకు అది చూడంగానే తెలిసిపోయింది గానీ నోరు మెదపలేదు. వలి బాషా పొరను జేబులో వేసుకున్నాడు. ఊరొచ్చేదాకా ఈల వేస్తానే ఉన్నాడు.

ఆసామి ఇంటి వెనక, గొడ్లచావిడి కాడ కారు ఆగింది. అంకన్న అటు పోయినాడో లేదో, చీకట్లోంచి ఒక చెయ్యి వలి బాషా చొక్కా పట్టుకుంది.

"అన్నా... అది చూపించొద్దు."

సంతోషమ్మ. ఆమె చెయ్యి తడిగా ఉంది.

"నువ్వా చెల్లీ?" ఆయన గొంతు కూడా తగ్గింది. "నువ్వెందుకు..."

"ఆయన చేసిందే అన్నా అది. మా జీవానందం చిన్నప్పుడు, క్రిస్మసు కాడ, వాడు ఆడుకుంటాడని చీల్చి ఇచ్చినాడు. ఇన్నాళ్ళూ దూలంలో దోపి పెట్టింటి. ఆసామి భయం తగ్గినప్పుడల్లా తడికతో పాటు పెడతా, పొద్దున తీసేస్తా. అబద్ధమే. పాపమే. పైన ప్రభువు అడిగినప్పుడు నేనే చెప్పుకుంటా." ఊపిరి తీసుకుంది. "ఇప్పుడు జీవానందం అదే గుంతలో దిగినాడన్నా. మొన్న పెండ్లి చేస్తిమి. నీళ్ళు పడుతుండాయి గాబట్టి వానికి దగ్గు లేదు. బతికినోళ్ళు నోరు తెరిచి అడిగితే ఇయ్యని నీళ్ళు, చచ్చినోడు అడిగితే ఇచ్చినాడు ఆ మహానుభావుడు. నా కొడుకుకు ఆ నీళ్ళే ఊపిరి. నీ కాళ్ళు పట్టుకుంటా..."

"ఛ, ఛ! లే చెల్లీ. నా నోట రాదు. పో, నిశ్చింతగా పో."

ఆ మాట మనసులోంచే అన్నాడు. అప్పటికి నిజమే అది.

అరుగు మీద ఆసామి, లాంతరు పక్కన ఇద్దరు ముగ్గురు ఊరి పెద్దలు. వలి బాషా చేతులు కట్టుకొని నిలబడినాడు.

"ఏమైంది సాయిబూ?"

"మిషనులో జబ్బేమీ లేదు ఆసామీ."

"మరి రొప్పిందా?"

"రొప్పింది."

"కారణం?"

"...తెలియలేదు."

అరుగు మీద ఒకాయన కిసుక్కున నవ్వినాడు. ఆసామి కూడా నవ్వినాడు.

"నాకు తెలుసు లే. బస్సుల కింద దూరి నూనె తుడుచుకునేటోనికి కారు పని ఏం తెలుస్తది? ఊరికే నోరు! చెవి పట్టుకొని అరుగు మీద కూర్చోబెడతానంటివే, ఏడ రా నీ దెయ్యం? గుంటూరు నుంచి మనిషిని పిలిపిస్తా లే. నువ్వు పోయి నీ షెడ్డు చూసుకో."

మళ్ళీ నవ్వినారు. ఈ సారి అందరూ.

ఏమైతుందో చూసినారా? ఒక్క నిమిషం ఓర్చుకొని ఉంటే అయిపొయ్యేది. రేపు షెడ్డు కాడ నలుగురు నవ్వేవాళ్ళు, ఎల్లుండికి మరిచిపొయ్యేవాళ్ళు. కానీ వలి బాషా చెవుల్లో రక్తం కొట్టుకుంటాంది. గుంటూరు మనిషి వచ్చి పెట్టె మూత తీస్తే ఎట్లాగూ దొరుకుతది గదా, అని మనసు ఒక సాకు చెప్పింది. ఎడ్లు కొన్నాడు, బండి కొన్నాడు, ఇంక మానుకుంటాడా, అని ఇంకో సాకు చెప్పింది. ఆడకూతురి పేరు బయటికి రాకుంటే చాలు గదా, అని మూడోది. సాకులకేం కొదవ!

దారం కట్టిన గురుతు లేకుండా, జేబులోనే బొటనవేలితో బొక్కలున్న కొనను టక్కున విరిచినాడు. మిగిలిన ముక్కను తీసి లాంతరు ముందు పెట్టినాడు.

"ఇదిగో నీ దెయ్యం! గుట్టల మీద నుంచి ఎగిరొచ్చి పెట్టెలో చిక్కుకుంది. గాలికి ఇది కొట్టుకుంటే మీరంతా ఏలీయా అనుకున్నారు!"

ఆసామి ఆ ముక్కను అటు తిప్పి ఇటు తిప్పి చూసినాడు.  తర్వాత తొడ చరుచుకొని నవ్వినాడు చూడండి — ఇంట్లో నిద్రపోయిన పిల్లోళ్ళు లేచి ఏడ్చినారంట.

"దీనికా నేను ఇన్ని నెలలు రాళ్ళకు తానాలు పోయించింది! అమ్మా, చూసినావా నీ దెయ్యాన్ని! శభాష్ సాయిబూ, నువ్వు మొనగాడివే!"

ఆ శభాష్ కోసమే గదా. దొరికింది. ఇంటికి పోతా వలి బాషా గొడ్లచావిడి పక్క చూడలేదు. అక్కడ కడవ కింద పెట్టిన చప్పుడు మాత్రం వినపడింది. చప్పుళ్ళు బాగా వినే మనిషి గదా.

మరుసటి పొద్దున నీళ్ళబండి గనికి పోలేదు. ఆసామి మామిడితోటకు పోయింది.

రెండు రోజులకు సంతోషమ్మ షెడ్డు కాడికి వచ్చింది. వలి బాషా పీట జరిపి, "చెల్లీ, నీ పేరు చెప్పలేదు, నీ మీద ఈగ వాలనియ్యలేదు..." అని మొదలుపెట్టినాడు.

"ఆ పలక ఇయ్యన్నా. ఆయన చేసింది."

ఆసామి అరుగు మీద పారేసిన దాన్ని కూడా ఏరుకొచ్చి ఉన్నాడు, రెండు ముక్కలూ తెచ్చి ఇచ్చినాడు. ఆమె అరచేతిలో రెండూ కలిపి పెట్టి చూసుకుంది. అతుకు కనపడనంత బాగా కలిసినాయి.

"ఇంక మోగదు" అనింది. తిట్టలేదు, శాపం పెట్టలేదు. కొంగున కట్టుకొని పోయింది. మాబూబీ లోపలి నుంచి అంతా విని, ఆ పూట మొగునికి అన్నం పెట్టి, పక్కన కూర్చోకుండా లేచిపోయింది.

వలి బాషా అప్పటి నుంచి పెద్దగా మాట్లాడేవాడు కాదంటారు.

రెండు ఎండాకాలాలు గడిచినాయి. ఒక సాయంత్రం పొదిలి నుంచి వచ్చే బస్సు గని దాటి ఆగిపోతే, వలి బాషాకు కబురొచ్చింది. సంచి భుజాన వేసుకొని నడిచిపోతున్నాడు. పొద్దు గూకింది. మలుపు కాడికి వచ్చినాడు.

హూఁ...

నిలబడిపోయినాడు. కారు లేదు. పెట్టె లేదు. గాలి కూడా లేదు. పలక ముక్కలైపోయి రెండేండ్లు...

హూఁ... హూఁ...

ఈ సారి ఒక గొంతు కాదు. ఈ గుట్ట మీద ఒకటి. ఆ గుట్ట కింద ఒకటి. చీకట్లో... నాలుగు పక్కలా...

సంచి అక్కడే పారేసి వెనక్కి పరుగెత్తినాడు. దెయ్యం లేదు గియ్యం లేదు అన్న మనిషి, టోపీ ఎగిరిపోతున్నా పట్టించుకోకుండా పరుగెత్తినాడు. కానీ వినండి — పరుగెత్తుతా పరుగెత్తుతా ఉంటే భయంలోంచి ఒక ఆశ పుట్టింది. నిజంగా దెయ్యమే అయితే? ఏలీయా నిజంగానే లేచి వచ్చి ఉంటే? ఆసామి మళ్ళీ బెదురుతాడు. నీళ్ళబండి మళ్ళీ గనికి పోతది. యా అల్లా, అది దెయ్యమే కావాల అని జీవితంలో మొదటిసారి మొక్కుకున్నాడు. నేరుగా ఆసామి అరుగు ఎక్కినాడు.

"ఆసామీ! నాదే తప్పు! దెయ్యం నిజమే! ఇప్పుడే విన్నా, పెట్టె లేకుండానే రొప్పుతాంది! నువ్వే వచ్చి విను!"

ఆయన మొగం చూసి ఆసామి కూడా నమ్మినాడు. కారు తీయించినాడు. ఇద్దరూ వెనక, అంకన్న ముందు. మలుపుకు ఇవతలే ఇంజనూ, దీపాలూ ఆపించినారు.

చీకటి. నిశ్శబ్దం. తర్వాత...

హూఁ... హూఁ... హూఁ...

ఆసామి వలి బాషా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.  "నిజమే... నిజమే సాయిబూ..." అని గుసగుసగా అన్నాడు. "రేపే నీళ్ళు పోయిస్తా... రేపే..."

వలి బాషా కండ్లలో నీళ్ళు తిరిగినాయి. అల్లా విన్నాడు అనుకున్నాడు.

అప్పుడు అంకన్న, భయానికో ఏమో, దీపాలు వేసినాడు.

వెలుతురు మలుపంతా పరుచుకుంది. బాట పక్కన రాళ్ళ మీద, వరసగా, తెల్లటి మనుషులు. తలకాయ నుంచి కాళ్ళ దాకా దుమ్ము. మోకాళ్ళ మీద చేతులు ఆనించి, వంగి, నోళ్ళు తెరుచుకొని... పీల్చుకుంటున్నారు. అందక, మళ్ళీ పీల్చుకుంటున్నారు.

గని కూలోళ్ళు. పని దిగినాక పల్లె దాకా ఒక్క ఊపున నడవలేరు. ఈ మలుపు కాడ కూర్చొని, ఊపిరి కూడదీసుకొని, మళ్ళీ నడుస్తారు. ముందు రాయి మీద కూర్చున్నోడు వెలుతురుకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. జీవానందం. ఆసామి కారని తెలిసి, లేచి దండం పెట్టబోయినాడు. లేవలేకపోయినాడు.

ఆసామి గుండెల నిండా గాలి పీల్చుకొని వదిలినాడు. ఎంత హాయిగా వదిలినాడో!

"ఓస్... మనోళ్ళే గదా!" అన్నాడు. "ఉత్తపుణ్యానికి బెదరగొట్టినావు గదా సాయిబూ. దెయ్యం లేదు, ఏమీ లేదు. తిప్పు అంకన్నా, ఇంటికి పోదాం."

వలి బాషా కారు దిగిపోయినాడు. దీపాలు దూరమైపోయినాయి. చీకట్లో ఆ రొప్పుల మధ్య నిలబడి, "నీళ్ళున్నాయా ఎవరి కాడన్నా?" అని అడిగినాడంట. ఎవరి కాడా లేవు.

ఆ ఏడు వానలు పడకముందే జీవానందం తండ్రి పక్కకు చేరినాడు. సంతోషమ్మ ఆ రెండు పలక ముక్కలూ ఆ మట్టిలోనే పెట్టింది.

వలి బాషా ఆ తర్వాత చాలా ఏండ్లు బతికినాడు. ముసలితనంలో కూడా షెడ్డు ముందు కూర్చొని, పొయ్యేటోన్నీ వచ్చేటోన్నీ పిలిచి, రొప్పుల మలుపులో దెయ్యం ఉందని ఒట్టు పెట్టి చెప్పేవాడు. గని ఆసాములెవరన్నా కనపడితే లేచి వెంటపడి మరీ చెప్పేవాడు. దెయ్యాల్లేవన్న వలి బాషాకు ముసలితనంలో మతి పోయిందని ఊరు నవ్వుకునేది. నవ్వితే నవ్వనీలే అనుకున్నాడు. శభాష్ ఒకసారి తిన్నాడు గదా, దాని రుచి తెలుసు.

ఒకనాడు ఎవరో కుర్రోడు ఏడిపిద్దామని అడిగినాడంట: "నిజంగా నీ చెవుల్తో విన్నావా తాతా?"

"విన్నా."

"ఏమంటది?"

ముసలాయన మలుపున్న దిక్కు చూసినాడు. తర్వాత మెల్లగా చెప్పినాడు.

"నీళ్ళు అంటది."